బడిని విరిచి చూసిన హన్మాండ్లు

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు పెద్ద వయసులో వచ్చాయి. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కరలేని చోట కనబడినా సర్దుకొని చదవండి. నా చెయ్యి కూడా నిదానం. పసుపు పెట్టే నెలలో ఈ కథ మొదలుపెడితే తవ్వే నెలకు పూర్తయింది. అంత ఓపికతో రాసినదాన్ని కాస్త ఓపికతో చదవమని కోరుతున్నాను.

ఆ రోజు పొద్దున కనకవ్వ వేసుకున్న ఉపాయం చాలా చిన్నది. ఎనిమిది గంటల బస్సుకు నలుగురు ఆర్మూర్ పోవాలి. తను, కూతురు తార, బావ హన్మాండ్లు, ఊరి బడి పంతులమ్మ విద్యావతి. పెద్ద బడి చూడాలి. మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావాలి. అంతే.

ఇది తొంభయ్యో సంవత్సరం జూన్ నెల మాట. వేల్పూర్ దిక్కున్న ఆ ఊళ్ళో బడి ఏడో తరగతితో అయిపోతుంది. ఎనిమిదికి ఆర్మూర్ పోవాల్సిందే. మగపిల్లలు కొందరు పోయేవారు. ఆడపిల్లలు మాత్రం ఏడు కాగానే పసుపు చేలలోకి దిగేవారు. తార తండ్రి చనిపోయాక ఇంటికి పెద్ద ఆయన అన్న హన్మాండ్లు. ఆయన ఊ అంటే తారకు హైస్కూలు, ఊహూ అంటే నెత్తిన పసుపు విత్తనం గంప.

విద్యావతి టీచరు ఆ ఎండాకాలమంతా గొడుగు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగింది. ఏడు పాసైన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ కూర్చుంది. కనకవ్వ ఇంటికి వచ్చినప్పుడు వాకిట్లో మంచం మీద హన్మాండ్లు, గడపలో వాళ్ళ అమ్మ నీలవ్వ ఉన్నారు. కనకవ్వ తలుపు చాటున ఉంది. బావ ఎదురుగా ఆమె నిలబడదు, కూర్చోదు, మాట్లాడదు. ఆ ఇంటి పద్ధతి అది.

"ఎనిమిదిల ఒక్కో పాఠానికి ఒక్కో సారు ఉంటడు. గంట గంటకు సారు మారుతడు. కొత్తల పిల్లలు బెదురుతరు. అందుకే ఇంటోళ్ళు ఓసారి వచ్చి బడి చూసి, పిల్లలకు ధైర్యం చెప్పాలె" అంది టీచరు.

"గంతమంది ఎందుకు బిడ్డా? ఒక సారుకొచ్చింది ఇంకో సారుకు రాదా?" అని నీలవ్వ అడిగింది.

"అందరు సార్లంటే అందరు దలాల్లు. ఎవడో ఒకడు ముంచుతడు" అన్నాడు హన్మాండ్లు. కాసేపు తువ్వాలతో విసురుకున్నాడు. "సరే పంతులమ్మా. నువ్వు గింత ఎండల వచ్చినవు, కాదంటే బాగుండదు. నమూనా చూస్త. బస్తాల నుంచి పిడికెడు తీసి చూడకుండ ఎవడన్న పసుపు కొంటడా? గట్లనే బడి. మాల్ బాగుంటే పిల్లను తోలుతం. లేకుంటే ఇంకో మాట లేదు."

నమూనా చూడడంలో హన్మాండ్లును మించినవాడు చుట్టుపక్కల లేడు. పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకొని కటుక్కున విరుస్తాడు. ఆ చప్పుడును బట్టి ఎంత ఎండిందో చెబుతాడు. తర్వాత వాసన చూస్తాడు. ఆ తర్వాత కొస కొరుకుతాడు. ఊళ్ళో ఎవరు పసుపు అమ్మడానికి ఆర్మూర్ మార్కెట్ యార్డుకు పోయినా ఆయన్ను వెంటబెట్టుకొని పోతారు. ఈ అలవాటు ముదిరి, దుకాణంలో సబ్బు కొన్నా చెవి దగ్గర పెట్టుకుంటాడని వెనకాల నవ్వుకునేవారు.

తలుపు చాటున కనకవ్వ సిద్ధుల గుట్ట దిక్కు తిరిగి దండం పెట్టుకుంది. బడి పూర్తిగా ఎండి ఉండాలని మొక్కింది.

అనుకున్న రోజు రానే వచ్చింది. బస్సుకు ఇంకా గంట ఉందనగా హన్మాండ్లు చాయ్ తాగడానికి పక్కింటి బుచ్చన్న దగ్గరికి పోయాడు. కథ అక్కడే అడ్డం తిరిగింది.

"పొద్దుగాల్నే తెల్లంగి తొడిగినవు, ఎక్కడికే?" అన్నాడు బుచ్చన్న.

"ఆర్మూర్. బడి నమూనా చూసెటందుకు."

"మా రాజేశ్వర్‌గాడు గూడ గా బడికే పోవాలె గద. నువ్వు చూసిన నమూనా నీ బిడ్డకు. మరి మా పోరనికి?"

"ఒకటే బడి గద బుచ్చన్నా."

"ఒకటే చేన్ల పండిన పసుపు ఒకటే తీరు ఉంటదా? నా మాల్ నేనే చూసుకోవాలె. ఆగు, నేనొస్త."

బుచ్చన్న వస్తున్నాడంటే ఎదురింటివాళ్ళు ఆగుతారా? వాళ్ళు పోతున్నారంటే వాళ్ళ వియ్యంకులు ఊరుకుంటారా? అరగంటలో ఏడు పాసైన పిల్లలున్న ఇళ్ళన్నీ కదిలాయి. లేని ఇళ్ళు కూడా రెండు కదిలాయి. ఇంతమంది బస్సులో పట్టరని బుచ్చన్న తన ట్రాక్టర్ తీశాడు. ట్రాలీలో నిన్న యార్డుకని ఎక్కించిన పసుపు బస్తాలు అలాగే ఉన్నాయి. "దించుడెందుకు, వాటి మీదనే కూసోండ్రి. వచ్చేటప్పుడు అమ్ముకొని వద్దాం" అన్నాడు.

అప్పటికే నీలవ్వ ఒక చాప, ఒక దుప్పటి, రొట్టెల మూట, నీళ్ళ బిందె పట్టుకొని వచ్చి ట్రాక్టర్ పక్కన నిలబడింది.

"అత్తా, పగటి వరకు తిరిగొస్తం. చాప ఎందుకు?" అంది కనకవ్వ మెల్లగా.

"ఆర్మూర్ పోయినోళ్ళు ఏనాడన్న గా రోజే తిరిగొచ్చిన్రా? బేరం తెగేదాక పండాలె గద" అంది నీలవ్వ. అది విని మిగతా ఆడవాళ్ళు తమ చాపల కోసం ఇళ్ళకు పరుగెత్తారు.

ఈ సంగతి ఏదీ తెలియని విద్యావతి టీచరు ఎనిమిది గంటల బస్సులో ఆర్మూర్ వెళ్ళి, బస్టాండులో దిగి, వీళ్ళు వెనక బస్సులో వస్తారేమోనని ఎదురుచూస్తూ నిలబడింది. వీళ్ళకు బడి గురించి, బడికి వీళ్ళ గురించి చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఇక బడి సంగతి. ఆ పొద్దున బడిలో కూడా ఒక ఉపాయం నడుస్తోంది. హెడ్మాస్టరు వెంకటరాజం మంచివాడే గానీ ఒక చిక్కులో పడ్డాడు. చదువురాని పెద్దవాళ్ళకు సాయంత్రం పూట అక్షరాలు నేర్పించాలని పైనుంచి పలకలు, లాంతర్లు పంపి ఏడాదైంది. అవి బీరువాలో భద్రంగా ఉన్నాయి. చదువు బ్రహ్మాండంగా నడుస్తోందని మాత్రం పైకి చెప్పుకుంటూ వచ్చాడు. దాన్ని కళ్ళారా చూడడానికి కాశీనాథ్ అనే పెద్ద అధికారి, చదువుకునేవాళ్ళను పగలే కూర్చోబెట్టమని కబురు పంపి, ఆ రోజే వస్తున్నాడు.

"గంగాకిషన్, నా ఇజ్జత్ నీ చేతుల ఉంది" అని హెడ్మాస్టరు చప్రాసీని బతిమాలాడు. "యార్డుకు ఉరుకు. హమాలీలను, చాట కొట్టే ఆడోళ్ళను, ఎవరినన్న సరే పట్కరా. చదువురానోళ్ళు గావాలె."

గంగాకిషన్ సైకిల్ తీసి గేటు దాటబోయాడు. ఎదురుగా ట్రాక్టర్ వచ్చి ఆగింది. పసుపు బస్తాల మీద రుమాళ్ళు చుట్టిన మగవాళ్ళు, కొంగు కప్పుకున్న ఆడవాళ్ళు, చాపలు, బిందెలు.

"యార్డు గిక్కడ గాదు, అటు దిక్కు" అన్నాడు అలవాటుగా.

"మేం బడికే వచ్చినం" అన్నాడు హన్మాండ్లు దిగుతూ.

గంగాకిషన్ సైకిల్ వదిలేశాడు. అది దానంతట అది పడిపోయింది. "బడికా? మీకు చదువొస్తదా?"

"రాదు."

"ఒక్కరికన్న?"

"పిల్లలకు వస్తది. పెద్దోళ్ళల్ల ఒక్కరికీ రాదు" అన్నాడు బుచ్చన్న, ఊరి తరఫున కొంచెం గర్వంగా.

గంగాకిషన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పిల్లలు బయట ఆడుకుంటరు. మీరు రాండ్రి పెద్దమనుషులారా, లోపటికి రాండ్రి. అవ్వా, జర పైలం, మెట్టుంది" అంటూ నీలవ్వ చాప తానే మోసుకుంటూ అందర్నీ, సెలవులు కావడంతో ఖాళీగా ఉన్న ఎనిమిదో తరగతి గదిలోకి తీసుకుపోయాడు.

హెడ్మాస్టరు కిటికీలోంచి చూసి కుర్చీలో కూలబడ్డాడు. వెంటనే లేచి అందరికీ చాయ్ చెప్పాడు. బీరువా తెరిచి పలకలు తీయించి, తువ్వాలతో దుమ్ము తుడిచి, మనిషికొకటి తన చేతులతోనే ఇచ్చాడు. బుచ్చన్న పలకను అటూ ఇటూ తిప్పి, కొడుకు కోసమని చంకలో పెట్టుకున్నాడు.

నీలవ్వ చాయ్ ఊదుకుంటూ, "బడంటే గిదేనా? ఊకెనే భయపడితి గాని, రేపటి సంది నేను గూడ వస్త" అంది.

హన్మాండ్లుకు మాత్రం అనుమానం మొదలైంది. "మర్యాద ఎక్కువైందంటే మాల్ల మట్టి ఉన్నట్టే. నమూనా ఎప్పుడూ పైనుంచి తియ్యొద్దు, అడుగు నుంచి తియ్యాలె" అంటూ పోయి చివరి బెంచీ మీద కూర్చున్నాడు. బావ బెంచీ మీద కూర్చున్నాడు కాబట్టి కనకవ్వ ఆ వెనకాల గోడవారగా నేల మీద కూర్చుంది. పిల్లలందరూ కిటికీ ఊచలు పట్టుకొని చూస్తున్నారు. తార ముఖం మధ్య ఊచల్లో ఉంది.

జీపు వచ్చింది. కాశీనాథ్ నెరిసిన తలతో, మెత్తటి మాటతో, బడిపంతులులాగానే ఉన్నాడు. లోపలికి వచ్చి నిండిన గదిని చూసి ఆగిపోయాడు.

"అవ్వా, ఎప్పటి నుంచి వస్తున్నవు?" అని నీలవ్వను అడిగాడు.

"గిప్పుడే వచ్చిన బిడ్డా, ట్రాక్టర్ల."

హెడ్మాస్టరుకు దగ్గు వచ్చింది. "ఇయ్యాల ట్రాక్టర్ల వచ్చింది సార్. రోజు నడిచే వస్తది."

"ఇక్కడ నీకేం బాగనిపిస్తది అవ్వా?"

"చాయ్."

హెడ్మాస్టరు దగ్గు ఎక్కువైంది. కాశీనాథ్ నవ్వి, నాలుగడుగులు వేసి చివరి బెంచీ దగ్గర ఆగాడు. హన్మాండ్లు రుమాలు, మీసం, కూర్చున్న తీరు చూసి ఈయనే వీళ్ళలో ముందున్నవాడు అనుకున్నాడు. జేబులోంచి కొత్త చాక్‌పీస్ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"పెద్దమనిషీ, జర చూపియ్యి."

చూపించమంటే హన్మాండ్లుకు తెలిసింది ఒక్కటే. ఎంతసేపూ ఎవరూ ఏ మాలూ చూపించడం లేదేమని అనుకుంటున్న మనిషి. తీరా నమూనా చేతికి వచ్చింది. తెల్లగా, పొడుగ్గా, కొమ్ములాగే ఉంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కటుక్కున విరిచాడు. వాసన చూశాడు. కొస కొరికి, నమిలి, పక్కకు ఉమ్మాడు.

కిటికీ దగ్గర ఎవరో పిల్లవాడు కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు ఊచల మీదుగా లోపలికి దూకింది. బుచ్చన్న నవ్వాడు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. చివరికి నీలవ్వ కూడా, "గదేం ఆకలిరా కొడుకా, రొట్టెలున్నయి గద!" అంది.

హన్మాండ్లు ముఖం ఉడికిన పసుపు రంగుకు వచ్చింది. లేచి నిలబడ్డాడు. మీసం మీద తెల్లటి సుద్ద.

"లేవుండ్రి! నలుగుట్ల నన్ను నవ్వులపాలు చేసెటందుకు పిలిచిన్రా? చూసిన నమూనా చాలు. తార రేపటి సంది పసుపు పెట్టవోతది. ట్రాక్టర్ ఎక్కుండ్రి!"

కిటికీలో తార ముఖం ఊచల కిందికి జారిపోయింది.

కనకవ్వ ఎలా లేచిందో ఆమెకే తెలియదు. బావ ఎదుట ఏనాడూ నోరు తెరవని మనిషి. కొంగు ఇంకాస్త ముందుకు లాక్కొని, బావ దిక్కు వీపు పెట్టి, గోడకు చెబుతున్నట్టు అధికారితో మాట్లాడింది.

"సారూ, మా బావ తప్పేం జెయ్యలె. మేం పసుపు పండిచ్చేటోళ్ళం. ఇరిచి చూడకుండ ఏదీ తీసుకోం. మా తారను పెద్ద బడికి తోలాలంటే నమూనా చూడాలె గద. గందుకే వచ్చినం. మీరు నమూనా చేతికిచ్చిన్రు, మా బావ చూసిండు. ఇండ్ల నవ్వేదేముంది?"

నవ్వులు ఆగిపోయాయి. హన్మాండ్లు మీసం తుడుచుకోవడం కూడా ఆగింది.

"అంటే, మీరు ఇక్కడ చదువుకుంటున్నవాళ్ళు కాదా?" అని కాశీనాథ్ నెమ్మదిగా అడిగాడు.

కనకవ్వ తలెత్తి హెడ్మాస్టరును చూసింది. ఆయన చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. ఏదో మునిగిపోతోందని ఆమెకు అర్థమైంది. ఏమిటో తెలియదు. కానీ ఈ సారు మునిగితే రేపు తారకు బడి తలుపు తీసేది ఎవరు?

"చదువుకునేటోళ్ళమే సారూ" అంది. అబద్ధం ఆడినట్టు కాకుండా వెంటనే ఒక మాట కలిపింది. "ఇయ్యాల్టి సంది."

"అయితే నీకేమొస్తది తల్లీ?"

ఏమొస్తుంది? వెనక్కి తగ్గే దారి లేదు. కనకవ్వ బోర్డు దగ్గరికి నడిచింది. తార పుస్తకాల అట్టల మీద రోజూ కనిపించే రెండు గుర్తులు ఆమెకు ఎరుకే. వాటిని చదవడం రాదు, చూడడం వచ్చు. వాకిట్లో ముగ్గు వేసినట్టు ముందు చుక్కలు పెట్టింది. తల కొంచెం వంచి చూసుకొని, చుక్కలు కలిపింది. 'తార' అని వచ్చింది. మొదటి అక్షరం పళ్ళెమంత, రెండోది గిన్నెంత. చుట్టూ ఖాళీగా కనబడిందని, చెయ్యి ఊరుకోక, నాలుగు మూలలా నాలుగు పూలు కూడా వేసింది.

ఊచల మధ్యకి తార ముఖం మళ్ళీ వచ్చింది.

కాశీనాథ్ బోర్డు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత హెడ్మాస్టరు వైపు అంతకంటే ఎక్కువసేపు చూశాడు. వెంకటరాజం తట్టుకోలేకపోయాడు. "సార్, పలకలు ఇయ్యాల్నే బీరువాలకెళ్ళి తీసినం" అని చెప్పేశాడు.

"చదువుకునేటోళ్ళు ఉన్నరని మీరు చెప్పిన్రు. ఉన్నరు. ఇగ చదువే బాకీ" అన్నాడు కాశీనాథ్. "రేపటి నుంచి సాయంత్రం పూట మీరే వీళ్ళ ఊరికి పోయి చెప్పుండ్రి. నెల నెలా నేనొచ్చి చూస్త."

తర్వాత హన్మాండ్లు వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "పెద్దమనిషీ, పిల్లలు నవ్విన్రు, ఏమనుకోవద్దు. మాల్ ఎట్లున్నదో చెప్పనే లేదు మీరు."

హన్మాండ్లు చేతిలో చాక్‌పీస్ సగం ముక్క ఇంకా ఉంది. దాన్ని చూశాడు. బోర్డు మీద తన తమ్ముని బిడ్డ పేరు చూశాడు. తన పరువు నిలబెట్టి, తనకు వీపు పెట్టుకొని నిలబడ్డ మరదలిని చూశాడు. సగం ముక్కను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకొని విరిచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఎండింది. మట్టి లేదు" అన్నాడు గొంతు సవరించుకొని. "పిల్లను తోలుతం."

"మంచిది. మరి మా దిక్కు నుంచి గూడ నమూనా చూడాలె గద? వచ్చే నెల నేనొచ్చినప్పుడు ముందుగాల మీరే లేచి మీ పేరు రాయాలె. ఏం పేరు?"

"హన్మాండ్లు."

హెడ్మాస్టరు, గంగాకిషన్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంత కష్టమైన పేరు ఆ గదిలో ఇంకొకటి లేదు.

సరిగ్గా అప్పుడే విద్యావతి టీచరు గొడుగు ముడుచుకుంటూ, ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. బెంచీల మీద ఊరంతా పలకలు పట్టుకొని కనబడేసరికి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమైంది అవ్వా?"

"ఏం గాలె బిడ్డా" అంది నీలవ్వ. "బడిల చేరినం."

వెంకటరాజం సారు మరునాటి సాయంత్రం నుంచి సైకిల్ మీద వచ్చాడు. మొదట్లో కాశీనాథ్‌కు భయపడి వచ్చాడు. వానల్లో చెప్పులు చేతపట్టుకొని బురదలో నడిచి వచ్చిన రోజు మాత్రం భయంతో వచ్చినవాడిలా లేడు. కాశీనాథ్ వేరే జిల్లాకు బదిలీ అయిన తర్వాత కూడా రావడం మానలేదు. కనకవ్వ ఆయన కోసం రోజూ ఒక జొన్నరొట్టె ఎక్కువ చేసేది. ఎండలో తిరిగిన విద్యావతి టీచరు కాళ్ళకు ఎప్పుడు కనబడ్డా దండం పెట్టేది. లోకంలో నిజాలు మేలు చేస్తాయని అందరూ చెబుతారు. ఆ ఊరికి మాత్రం వెంకటరాజం సారు ఆడిన ఒక అబద్ధం చేసినంత మేలు ఇంకేదీ చేయలేదు. ఆ ఇళ్ళల్లో దీపం పెట్టిన ప్రతిసారీ ఆయన పేరు తలుచుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

తార ఎనిమిదిలో చేరింది. దాన్ని రోజూ పొద్దున బస్సెక్కించేది హన్మాండ్లే. సాయంత్రం బస్సు దిగగానే చేతిలో పలకతో ఎదురయ్యేదీ ఆయనే. వెంకటరాజం సారు వచ్చేలోపు తన పేరు దాని చేత నాలుగుసార్లు దిద్దించుకోకపోతే మనసు ఒప్పేది కాదు. ఒకసారి తారకు జ్వరం వచ్చి బడి మానేస్తానంటే కనకవ్వ సరేనంది, నీలవ్వ సరేనంది. హన్మాండ్లు మాత్రం మంచం పక్కన పలక పట్టుకొని నిలబడి, "మరి నా సంగతేంది బిడ్డా?" అన్నాడు. ఇక ఆ పిల్ల పది పాసయ్యేదాకా పసుపు చేను ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

కాశీనాథ్ మొదటి నెల వచ్చినప్పుడు 'హ' వచ్చింది. రెండో నెల ఇంకొంచెం వచ్చింది. పేరు మొత్తం, ఒత్తులతో సహా, పసుపు బస్తా మీద తన చేత్తో రాసుకునేసరికి ఇంకో పంట చేతికొచ్చింది. అప్పటి నుంచి ఆ ఊళ్ళో పిల్లలకు పేరు పెట్టే ముందు, రాయడానికి ఎంత కాలం పడుతుందో అడిగి పెడుతున్నారు.

కనకవ్వ,
వయసు అరవై ఆరు,
ఇప్పుడు ఉంటున్నది ఆర్మూర్‌లో, బిడ్డ తార ఇంట్లో.